మీ నెట్‌వర్క్ దెబ్బ తట్టుకుంటుందా? తెగకముందే తేల్చుకోవడం ఎలా

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, జయపురం, బరంపురం, ఈ పట్టీలో నెట్‌వర్క్‌లు చూసుకునే తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. కేబుల్ ఆపరేటర్లు, కాలేజీ ల్యాబ్ చూసేవాళ్లు, ఆసుపత్రిలో కంప్యూటర్ల భారమంతా ఒక్కడే మోసే కుర్రాడు, వేలిముద్ర పెట్టించుకుని పింఛను డబ్బులిచ్చే సేవా కేంద్రం వాళ్లు. మీ నెట్‌వర్క్ ఎంత గట్టిదండీ అని వీళ్లలో ఎవరిని అడిగినా దాదాపు ఒకటే మాట: "బాగానే నడుస్తోంది, స్పీడ్ కూడా బాగానే వస్తోంది." అడిగింది అది కాదు. ఈరోజు బాగా నడవడం వేరు, రేపు ఏదో ఒకటి పోయినా నిలబడటం వేరు. రెండోదాన్ని స్పీడ్ టెస్ట్ చెప్పదు, దాన్ని విడిగా పరీక్షించి తెలుసుకోవాలి, దానికి పెద్ద ఖర్చు కూడా అక్కర్లేదు. ఒక కాగితం, ఒక పెన్సిలు, ఊరంతా తిరగడానికి ఒక బండి, ఒక రాత్రి ఓపిక ఉంటే చాలు. ఎలాగో వరుసగా చెబుతాను.

ఏది ఆగితే కొంప మునుగుతుందో ముందు రాసుకోండి

నెట్‌వర్క్ అంతా ఒకేలా ముఖ్యం అనుకుంటే పరీక్ష మొదలే కాదు. ఆసుపత్రి అయితే రిజిస్ట్రేషన్ కౌంటర్, ల్యాబ్ రిపోర్టులు, మందుల బిల్లింగ్. సేవా కేంద్రమైతే వేలిముద్ర లావాదేవీలు. కేబుల్ ఆపరేటర్ అయితే బ్యాంకు, పోలీస్ స్టేషన్, పెట్రోలు బంకు లాంటి కనెక్షన్లు ముందు, ఇళ్లలో టీవీ తర్వాత. ఒక్కోదాని ఎదురుగా రెండు అంకెలు వేయండి: ఎంతసేపు ఆగినా ఫర్వాలేదు, ఎంత డేటా పోయినా తట్టుకోగలం. ల్యాబ్ రిపోర్టులు గంటసేపు కాగితం మీద రాసి ఇవ్వొచ్చు, కానీ నిన్నటి రిపోర్టులు పోతే? ఈ అంకెలు మీరొక్కరే వేసుకోకండి, కౌంటర్‌లో కూర్చునేవాళ్లని అడిగి వేయండి, అసలు ఇబ్బంది పడేది వాళ్లే.

బొమ్మ గీయండి, కుర్చీలో కూర్చుని మాత్రం కాదు

చాలామంది దగ్గర ఒక బొమ్మ ఉంటుంది. మధ్యలో రౌటర్, చుట్టూ స్విచ్‌లు, చక్కగా గీతలు. అది ఎవరో సెటప్ చేసిన రోజున గీసినది, ఆ తర్వాత నాలుగు స్విచ్‌లు కలిసి ఉంటాయి, రెండు లైన్లు మారి ఉంటాయి. దాన్ని పక్కనపెట్టి కొత్తగా గీయండి.

రెండు బొమ్మలు కావాలి. మొదటిది డేటా ఎటు నుంచి ఎటు పోతోందో చూపేది: అప్‌స్ట్రీమ్ (మనకి ఇంటర్నెట్ అందించే పై లైను), రౌటర్, ఓఎల్‌టీ (ఇళ్ల ఫైబర్లు వచ్చి చేరే పెట్టె), స్విచ్, సర్వర్, వైఫై. రెండోది వైరు నిజంగా నేలమీద ఎటు పోతోందో చూపేది. దీనికే బండి తీయాలి. ఫైబర్ వెంట నెమ్మదిగా వెళ్లండి, ఏ స్తంభం మీద జాయింట్ బాక్స్ ఉంది, ఎక్కడ రోడ్డు దాటుతోంది, ఎక్కడ కల్వర్టు కింద నుంచి పోతోంది, ఎక్కడ చెట్టుకొమ్మకి కట్టి ఉంది, అన్నీ రాయండి. ఫోన్‌లో ఫొటో, లొకేషన్ తీసుకోండి.

ఒక జాయింట్ బాక్స్ దగ్గర నిజంగా ఆగి చూడండి. మూత క్లిప్పు ఒకటి విరిగి ఉంటుంది, దానికి బదులు ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంటుంది, లోపల చీమలు పుట్ట పెట్టి ఉంటాయి, స్ప్లైస్ (ఫైబర్ అతికిన చోటు) మీద వేసిన స్లీవ్‌లు ట్రేలో కూర్చోకుండా వేలాడుతుంటాయి. ఒక్క వాన చాలు దానికి. అలాగే వీధి మధ్యలో ఏ కిరాణా కొట్టులోనో పెట్టిన స్విచ్ చూడండి: ఫ్రిజ్, ఫ్యాను, స్విచ్ మూడూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీద ఉంటాయి, కొట్టు మూసేటప్పుడు మెయిన్ కట్టేస్తే రాత్రి పది తర్వాత ఆ వీధికి నెట్ ఉండదు. ఇలాంటివి కుర్చీలో కూర్చుని గీసిన బొమ్మలో ఎప్పటికీ కనబడవు.

మన దగ్గర ఇంకోటి కూడా గుర్తుపెట్టుకోవాలి. పాతపట్నం నుంచి పర్లాకిమిడి వచ్చే వైరు ఆంధ్రాలో మొదలై ఒడిశాలో తేలుతుంది. స్తంభాలు ఒకవైపు ఒక కరెంటు సంస్థవి, ఇంకోవైపు ఇంకోదానివి. రోడ్డు పనుల వాళ్లూ వేరు, అనుమతులిచ్చే ఆఫీసులూ వేరు. అందుకే రెండో బొమ్మ మీద రాష్ట్రం హద్దు కూడా గీసి, ఏ ముక్క తెగితే ఎవరికి ఫోన్ చేయాలో పక్కనే రాయండి.

ఒక్కొక్కటీ కొట్టేసి లెక్కపెట్టండి

అసలు పరీక్ష ఇదే. బొమ్మ మీద ఒక్క పెట్టెని (రౌటర్, స్విచ్, లేదా ఒక ఊరు) పెన్సిలుతో కొట్టేయండి. ఇప్పుడు అప్‌స్ట్రీమ్ నుంచి దారి లేకుండా పోయినవి ఎన్ని? రాయండి. దాన్ని చెరిపేసి తర్వాతిది కొట్టేయండి. పెట్టెలన్నీ అయ్యాక గీతలు కూడా ఒక్కొక్కటి.

ఉదాహరణకి ఒక ఊహా నెట్‌వర్క్ తీసుకుందాం. టెక్కలిలో అప్‌స్ట్రీమ్ ఉంది. అక్కడి నుంచి పాతపట్నం, పాతపట్నం నుంచి పర్లాకిమిడి. పర్లాకిమిడి నుంచి ఒక కొమ్మ కాశీనగర్, గుణుపూర్, రాయగడ వైపు. ఇంకో కొమ్మ ఆర్.ఉదయగిరి, మోహన వైపు. మొత్తం 8 ఊళ్లు. ఇప్పుడు కొట్టేయండి. టెక్కలి పోతే మిగతా 7 ఊళ్లూ చీకటే. పాతపట్నం పోతే ఇంకో 6. పర్లాకిమిడి పోతే 5. కాశీనగర్ పోతే 2, గుణుపూర్ పోతే 1, ఆర్.ఉదయగిరి పోతే 1. రాయగడ, మోహన చివర ఉన్నాయి కాబట్టి అవి పోతే వాటికే నష్టం. అన్నీ కూడితే 22, ఎనిమిదితో భాగిస్తే 2.75. అంటే ఏదో ఒక ఊరు పోతే దానితోపాటు సగటున దాదాపు మూడు ఊళ్లు పోతాయి, మరీ చెడ్డరోజైతే ఏడూ పోతాయి. ఈ రెండు అంకెలూ రాసుకోండి, సగటు ఒకటి, చెడ్డరోజు ఒకటి. సగటు ఒక్కటే చూసి తృప్తిపడకండి.

ఇప్పుడు రాయగడలో రెండో అప్‌స్ట్రీమ్ పెడదాం. మళ్లీ మొదటి నుంచి కొట్టేయండి. టెక్కలి పోయినా మిగతావి రాయగడ వైపు నుంచి బతుకుతాయి. పర్లాకిమిడి పోతే ఆర్.ఉదయగిరి, మోహన మాత్రమే పోతాయి. ఆర్.ఉదయగిరి పోతే మోహన పోతుంది. మొత్తం 22 కాస్తా 3 అయింది! మోహనని బరంపురం వైపు ఇంకో అప్‌స్ట్రీమ్‌కి కలిపితే ఆ 3 కూడా సున్నా అవుతుంది, ఏ ఒక్క ఊరు పోయినా పక్క ఊరికి నష్టం ఉండదు. అప్పుడు రెండేసి కొట్టి చూడాలి. పర్లాకిమిడి, రాయగడ ఒకేసారి పోతే మధ్యలో ఇరుక్కున్న కాశీనగర్, గుణుపూర్ పోతాయి, ఆ బొమ్మలో రెండు దెబ్బలకి జరగగల అతిపెద్ద నష్టం అదే.

ఏది కొట్టేస్తే నెట్‌వర్క్ రెండు ముక్కలవుతుందో ఆ పెట్టె చుట్టూ ఎర్ర సున్నా చుట్టండి, ఆ గీతని ఎర్రగా దిద్దండి. చిన్న నెట్‌వర్క్ అయితే చేత్తోనే అయిపోతుంది. యాభై, వంద పెట్టెలు దాటితే పైథాన్‌లో నెట్‌వర్క్‌ఎక్స్ అనే ఉచిత లైబ్రరీ ఉంది, ఏది దేనికి కలిసిందో జాబితా ఇస్తే ఇలాంటి పెట్టెల్నీ గీతల్నీ అదే ఏరి చూపిస్తుంది, ఏ రెండు చోట్ల మధ్య ఎన్ని విడివిడి దారులున్నాయో కూడా చెబుతుంది.

ఈ వరుస కొమ్మల గొడవ మనకొక్కరికే కాదు. పంచాయతీలకి ఫైబర్ వేసే భారత్‌నెట్‌లో కూడా మొదటి దశలో బ్లాక్ నుంచి పంచాయతీకి ఎక్కువగా వరుస లైన్లే వేశారు. 2023 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన సవరించిన పథకంలో రింగ్ పద్ధతికి మారారు, ఒకచోట తెగినా రెండోవైపు నుంచి నడవాలని. మీ పంచాయతీకి వచ్చిన లైను ఏ పద్ధతిదో అడిగి తెలుసుకోండి.

రెండు లైన్లున్నంత మాత్రాన రెండు దారులున్నట్టు కాదు

ఇక్కడ నిదానంగా చదవండి, ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే.

రెండు కంపెనీల దగ్గర రెండు లైన్లు తీసుకుంటాం, నెలనెలా రెండు బిల్లులు కడతాం, నిశ్చింతగా ఉంటాం. ఒకరోజు రోడ్డు వెడల్పు పనిలో జేసీబీ బకెట్ ఒక్కసారి దిగితే రెండూ పోతాయి. స్ప్లైసింగ్ కుర్రాణ్ని "తమ్ముడూ, ఈ రెండు లైన్లూ ఏ దారిన వస్తున్నాయి?" అని అడిగితే తలెత్తకుండా చెబుతాడు, "రెండూ ఆ కల్వర్టు కిందనుంచే బాబూ, వేరే దారేటుంది?" ఆ మాట అతనికి ఎప్పటినుంచో తెలుసు, మనం అడగలేదంతే. కాబట్టి లైను కొనేముందే అతన్ని పిలిచి టీ తాగించి అడగండి. అమ్మకాల మనిషి చెప్పేదానికన్నా అతని మాటే నిజం.

ఇది పెద్ద దేశాల్లోనూ జరిగింది. 2001 జూలైలో అమెరికాలోని బాల్టిమోర్‌లో ఒక సొరంగంలో గూడ్సు రైలు పట్టాలు తప్పి తగలబడింది. ఒకటికి మించిన కంపెనీల ఫైబర్లు అదే సొరంగంలోంచి పోతున్నాయి. పేరుకి వేర్వేరు నెట్‌వర్క్‌లు, తగలబడినప్పుడు ఒకటే.

మన ఊహా నెట్‌వర్క్‌నే మళ్లీ చూడండి. టెక్కలి లైను శ్రీకాకుళం మీదుగా విశాఖ చేరుతుంది. రాయగడ లైను పార్వతీపురం, విజయనగరం మీదుగా పోయి అదీ విశాఖే చేరుతుంది అనుకోండి. కాగితం మీద రెండు అప్‌స్ట్రీమ్‌లు, నిజానికి ఒకే నగరం. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తీరం దాటింది విశాఖ దగ్గరే. అలాంటి రోజున టెక్కలి, రాయగడ రెండూ బాగానే ఉండి, నెట్ మాత్రం ఉండదు. ఇక మోహన నుంచి బరంపురం మీదుగా భువనేశ్వర్ పోయే లైను అప్పుడు ఆదుకుంటుంది. అదే 2013 అక్టోబర్ 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర దాటినప్పుడు బరంపురం వైపు దెబ్బతిని, విశాఖ వైపు ఆదుకోవాల్సిన పరిస్థితి. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానాన్నీ ఇటు పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లానీ కలిపి కొట్టింది, అలాంటప్పుడు టెక్కలి, పర్లాకిమిడి, మోహన మూడింటి మీదా ఒకేసారి ఆశ వదులుకుని రాయగడ వైపు చూడాలి. అందుకే ఒక్కొక్కటీ కొట్టేసే పరీక్ష తర్వాత, తుపాను దారిని బొమ్మ మీద పెట్టి ఆ పట్టీలోవి అన్నీ ఒకేసారి కొట్టేయండి. ఏటి గట్టు పట్టీ ఒకసారి: మహేంద్రతనయ పొంగితే పర్లాకిమిడిలో ఏవి పోతాయి, వంశధార పొంగితే గుణుపూర్, కాశీనగర్‌లో ఏవి పోతాయి. కొండచరియలు పడే ఘాట్ రోడ్డు ముక్క ఇంకోసారి.

వైరు ఒక్కటే కాదు, కలిసి పోయేవి ఇంకా ఉంటాయి. రెండు రౌటర్లూ ఒకే యూపీఎస్ మీద ఉన్నాయా? రెండు స్విచ్‌లకీ ఒకే ఫీడర్ నుంచి కరెంటా? రెండు లైన్లకీ డీఎన్‌ఎస్ (వెబ్‌సైటు పేరుని అడ్రస్‌గా మార్చే సేవ) ఒకరిదేనా? రౌటర్లు రెండూ ఒకే కంపెనీ, ఒకే సాఫ్ట్‌వేర్ వెర్షనా, అంటే ఒకే లోపంతో రెండూ పడిపోతాయా? అన్నిటి పాస్‌వర్డూ ఒకరికే తెలుసా, ఆయన పెళ్లికి ఊరెళ్తే? బొమ్మ మీద ప్రతి పెట్టెకీ ఈ ఉమ్మడి ఆధారాలు చిన్న అక్షరాలతో రాసి, ఒకే ఆధారం ఉన్నవాటికి ఒకే రంగు వేయండి. ఆ తర్వాత ఒక్కో రంగు మొత్తాన్ని కొట్టేసి చూడండి. సరిహద్దు ఊళ్లకి ఇందులో ఒక మేలు కూడా ఉంది: ఒక పెట్టెకి ఆంధ్రా కరెంటు, రెండో పెట్టెకి ఒడిశా కరెంటు దొరికే చోటు చూసుకుంటే, ఒకవైపు సరఫరా పోయినా ఇంకోవైపుది ఉండే వీలుంది. ఆ అవకాశం దేశంలో చాలామందికి లేదు, వాడుకోండి.

ఇప్పుడు శత్రువులా ఆలోచించండి

పిడుగు, ఎలుక, జేసీబీ, ఇవేవీ ఎంచుకుని కొట్టవు. దాడి చేసేవాడు ఎంచుకుంటాడు. ఈ తేడా ఎంత పెద్దదో 2000లో రేకా ఆల్బర్ట్, హవూంగ్ జియోంగ్, ఆల్బర్ట్ లాస్లో బరబాషి నేచర్ పత్రికలో చూపించారు. కొన్ని పెట్టెలకే ఎక్కువ లింకులుండి, మిగతా చాలావాటికి ఒకటో రెండో ఉండే నెట్‌వర్క్‌లు, ఏదో ఒకటి యాదృచ్ఛికంగా పోతే పెద్దగా చలించవు, కానీ ఎక్కువ లింకులున్నవాటిని ఏరి తీసేస్తే త్వరగా ముక్కలైపోతాయి. మన ఊళ్ల నెట్‌వర్క్‌లు ఇలాంటివే, లైన్లన్నీ మొదలయ్యే ఒక్క హెడ్‌ఎండ్ గదిలో సగం జిల్లా ఉంటుంది. దానికి ఎదురు పద్ధతి కూడా పాతదే. 1964లో ర్యాండ్ సంస్థలో పాల్ బారన్, ప్రతి కేంద్రాన్ని మూడు నాలుగు పొరుగు కేంద్రాలకి కలిపితే చాలా దెబ్బలు తిన్నా మిగిలినవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోగలవని లెక్కగట్టారు.

కాబట్టి రెండో విడత పరీక్ష ఇలా చేయండి. ఎక్కువ నష్టం చేసే పెట్టె ముందు, ఆ తర్వాత మిగిలిన బొమ్మలో మళ్లీ ఎక్కువ నష్టం చేసేది, అలా వరుసగా తీసేయండి. ప్రతిసారీ లెక్క కొత్తగా వేయాలి, ఎందుకంటే ఒకటి పోయాక ముఖ్యమైనది మారుతుంది. ఎన్ని తీసేసరికి సగం కనెక్షన్లు పోయాయి? ఒకటే అయితే వెంటనే పని మొదలెట్టాలి. మూడు నాలుగైతే మన స్థాయికి గట్టిదే.

ఇక దాడి అంటే కత్తెర పట్టుకుని వచ్చేవాడు అనుకోకండి. వాడికి లాగిన్ చాలు. ప్రతి పెట్టె దగ్గరా ఈ ప్రశ్నలు వేసుకోండి: కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డే ఉందా? బయటి ఇంటర్నెట్ నుంచి దీని లాగిన్ పేజీ తెరుచుకుంటోందా? సీసీ కెమెరాలు, బిల్లింగ్ సర్వర్, వచ్చినవాళ్ల వైఫై అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో కలిసి ఉన్నాయా? సాఫ్ట్‌వేర్ ఆఖరుసారి ఎప్పుడు అప్‌డేట్ చేశారు? 2016లో మిరాయ్ అనే వైరస్ కెమెరాలు, ఇంటి రౌటర్లలోకి దూరింది ఇలాగే. దాని దగ్గర ఉన్నది 60కి పైగా మామూలు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ జతల జాబితా మాత్రమే. అలా పట్టుకున్న పెట్టెలన్నిటితో కలిపి అదే ఏడాది అక్టోబర్ 21న డైన్ అనే డీఎన్‌ఎస్ కంపెనీ మీద పడితే, ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివే చాలాచోట్ల అందకుండా పోయాయి. గుణుపూర్‌లో ఒక షాపు కెమెరా కూడా అలాంటి సేనలో భాగం కావొచ్చు, దానికి కావలసిందల్లా మార్చని పాస్‌వర్డే.

మీ పబ్లిక్ ఐపీ (బయటి ఇంటర్నెట్‌కి కనబడే మీ అడ్రస్) మీద ఏ పోర్టులు (లోపలికి వచ్చే తలుపులు) తెరిచి ఉన్నాయో బయటి నుంచి, అంటే మొబైల్ డేటా మీద నుంచి, ఎన్‌మ్యాప్ అనే సాధనంతో చూడండి. మీ సొంత ఐపీ మాత్రమే చూడాలి, పక్కవాళ్లది వాళ్ల అనుమతి లేకుండా చూడకూడదు.

లోపలి నుంచి వచ్చే దెబ్బ ఇంకోటి. ఎవరో తెలియక ఒకే వైరు రెండు కొసలూ ఒకే స్విచ్‌లో గుచ్చితే లూప్ ఏర్పడి ఆఫీసు మొత్తం నిమిషాల్లో నిలిచిపోతుంది. స్విచ్‌లో లూప్‌ని కనిపెట్టి ఆపే స్పానింగ్ ట్రీ అనే సౌకర్యం ఆన్‌లో ఉంటే ఇది ఆగుతుంది. చౌక స్విచ్‌లలో చాలావాటికి ఆ సౌకర్యమే ఉండదు, ముఖ్యమైన చోట అవి పెట్టకండి.

శాతాల లెక్క, కొంచెమే

పెట్టె అయినా లైను అయినా ఒక్కోటి ఏడాదిలో 99.5 శాతం సమయం పనిచేస్తుంది అనుకుందాం. వినడానికి బాగుంది కదా. కానీ మొదటి బొమ్మలో టెక్కలి నుంచి రాయగడ చేరాలంటే 6 ఊళ్ల పెట్టెలు, మధ్యలో 5 లైన్లు, మొత్తం 11 అన్నీ ఒకేసారి బాగుండాలి. 0.995ని 11 సార్లు గుణిస్తే 0.946 వస్తుంది, అంటే ఏడాదికి దాదాపు 20 రోజులు రాయగడకి నెట్ లేనట్టే. అలాంటివి పూర్తిగా విడివిడి దారులు రెండుంటే, రెండూ ఒకేసారి పోయే సమయం ఏడాదికి సుమారు 25 గంటలకి దిగుతుంది. ఎంత తేడా! అదే రెండు దారులకీ ఉమ్మడిగా 99 శాతం మాత్రమే పనిచేసే పాత యూపీఎస్ ఒకటి ఉందనుకోండి, 25 గంటలు సుమారు 112 గంటలవుతుంది. రెండో లైనుకి నెలనెలా కట్టే డబ్బుని ఒక్క యూపీఎస్ ఇలా తినేస్తుంది. యజమానికి బ్యాటరీ మార్చమని చెప్పడానికి ఈ లెక్క చాలా పనికొస్తుంది, మాటలకి కదలనివాళ్లు గంటలకి కదులుతారు.

నిజంగా పీకి చూడండి

కాగితం మీద అంతా అయ్యాక వైరు పీకాల్సిందే. పీకి చూడని బ్యాకప్‌ని నేను బ్యాకప్‌గా లెక్కపెట్టను.

ముందు జాగ్రత్తలు. అందరికీ రెండు రోజుల ముందే చెప్పండి, ఆసుపత్రి అయితే డ్యూటీ డాక్టరుకి, నర్సులకి నేరుగా చెప్పండి. రాత్రి పొద్దుపోయాక, కానీ మనుషులు అందుబాటులో ఉన్న సమయం పెట్టుకోండి. అన్ని పెట్టెల కాన్ఫిగరేషన్ బ్యాకప్ తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి, నెట్‌వర్క్‌లోని సర్వర్‌లో కాదు, నెట్‌వర్క్ పోతే దాన్నెలా తెరుస్తారు? పరీక్ష చేసే మనిషి పెట్టె పక్కనే ఉండాలి, దూరం నుంచి లాగిన్ అయి చేయకూడదు.

ఈ ఆఖరి మాట ఎందుకంటే, 2021 అక్టోబర్ 4 సోమవారం రాత్రి మన దగ్గర తొమ్మిది దాటాక వాట్సాప్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ అన్నీ ఆగిపోయి దాదాపు ఆరు గంటలు రాలేదు, గుర్తుందా? అది దాడి కాదు. నిర్వహణ పనిలో భాగంగా ఫేస్‌బుక్ ఇంజినీర్లు తమ ప్రధాన నెట్‌వర్క్‌లో ఎంత సామర్థ్యం అందుబాటులో ఉందో చూడటానికి ఇచ్చిన ఒక కమాండ్, అనుకోకుండా డేటా సెంటర్ల మధ్య లింకులన్నిటినీ తెంపేసింది. అలాంటి కమాండ్‌ని ఆపాల్సిన తనిఖీ సాఫ్ట్‌వేర్‌లోనే లోపం ఉంది. లింకులు పోగానే డీఎన్‌ఎస్ సర్వర్లు తమ బీజీపీ దారుల్ని (తమని చేరే దారి ఇదని మిగతా ఇంటర్నెట్‌కి చేసే ప్రకటనల్ని) వెనక్కి తీసుకున్నాయి, దాంతో ఇంటర్నెట్‌కి ఫేస్‌బుక్ ఎక్కడుందో తెలియకుండా పోయింది. బాగుచేయాల్సిన ఇంజినీర్ల పనిముట్లు కూడా అదే నెట్‌వర్క్ మీద ఉన్నాయి, చివరికి మనుషులు డేటా సెంటర్‌కి వెళ్లాల్సి వచ్చింది. అంత సంస్థకే అలా అయితే మనం ఇంకా జాగ్రత్తగా ఉండాలి. నెట్‌వర్క్‌ని బాగుచేసే దారి ఆ నెట్‌వర్క్ మీదే ఆధారపడకూడదు. వేరే కంపెనీ సిమ్ ఉన్న ఒక 4జీ డాంగిల్, పెట్టెకి నేరుగా తగిలించే ఒక కన్సోల్ కేబుల్ ఎప్పుడూ ర్యాక్‌లోనే ఉంచండి.

ఇక పని. ఒక ల్యాప్‌టాప్ నుంచి లోపలి సర్వర్‌కి, ఇంకోటి నుంచి బయటి అడ్రస్‌కి పింగ్ (అవతలివైపు పలుకుతోందా అని అడిగే చిన్న సందేశం) ఆపకుండా పెట్టండి. మెయిన్ లైను ప్యాచ్ కార్డ్ (పెట్టెకి గుచ్చే పొట్టి వైరు) తీసేయండి. గడియారం చూడండి. రెండో లైనుకి మారడానికి ఎంతసేపు పట్టింది? ఐదు సెకన్లా, రెండు నిమిషాలా, అసలు మారిందా? పింగ్ వచ్చినంత మాత్రాన ఆగిపోకండి, బిల్లు ఒకటి కొట్టించండి, వేలిముద్ర లావాదేవీ ఒకటి పూర్తి చేయించండి, ఫోన్ కాల్ ఒకటి చేయండి. కొన్ని బ్యాంకు లింకులు, వీపీఎన్‌లు మీ పాత ఐపీకే అనుమతి ఇచ్చి ఉంటాయి, లైను మారితే పింగ్ బాగానే ఉంటుంది, పని మాత్రం జరగదు. ఇది పరీక్ష రోజు కాకుండా తుపాను రోజు తెలిస్తే చేయగలిగేదేమీ ఉండదు.

తర్వాత లోడ్. మెయిన్ లైను 500 ఎంబీపీఎస్, రెండోది 100 అయితే మారిన క్షణం నుంచే అది ఉక్కిరిబిక్కిరి అవుతుంది, పేరుకి బతికే ఉన్నా ఎవరికీ పనికిరాదు. ముందే రౌటర్‌లో రాసిపెట్టండి: రెండో లైను మీద ఉన్నప్పుడు కౌంటర్, బ్యాంకు, ల్యాబ్ ముందు, వీడియోలు చివర. ఐపెర్ఫ్ అనే సాధనంతో భారం పెట్టి ఈ నియమం పనిచేస్తోందో లేదో కూడా చూడండి.

తర్వాత లైను మళ్లీ గుచ్చండి. తిరిగి మారేటప్పుడు ఏమవుతుందో చాలామంది చూడరు. లైను వస్తూ పోతూ ఉంటే రౌటర్ నిమిషానికోసారి అటూఇటూ మారి, పూర్తిగా పోయినదానికన్నా ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. కనీసం ఐదు నిమిషాలు నిలకడగా ఉన్నాకే వెనక్కి మారేలా పెట్టుకోండి.

చివరగా కరెంటు. మెయిన్ దించి యూపీఎస్ మీద వదిలేయండి, డబ్బా మీద రాసిన గంటలు నమ్మకండి. ఎండకి ఉడికిన గదిలో మూడేళ్ల బ్యాటరీ ఎంతసేపు నిలబడుతుందో గడియారమే చెబుతుంది. పైన చెప్పిన మూడు తుపానులూ అక్టోబర్ రెండోవారంలోనే వచ్చాయి, అందుకే ఈ పరీక్ష మొత్తం సెప్టెంబర్ దాటకుండా పూర్తిచేయండి, ఏప్రిల్‌లో ఇంకోసారి, ఈదురుగాలులు మొదలయ్యేలోపు.

మళ్లీ లేవడానికి ఎంతసేపు

అన్నిటినీ రెండేసి పెట్టుకునే డబ్బు మనలో ఎవరి దగ్గరా ఉండదు. ఎర్ర సున్నాలు కొన్ని అలాగే మిగులుతాయి. వాటి విషయంలో చేయగలిగింది ఒకటే, పడినా త్వరగా లేచేలా చూసుకోవడం. రోజులో బాగయ్యేది గంటలో బాగైతే, ఆ ఒక్క పెట్టె వల్ల పోయే సమయం ఇరవై నాలుగో వంతుకి దిగుతుంది, కొత్త లైను కొనకుండానే.

ఎర్ర సున్నా ఉన్న ప్రతిచోటికీ ఈ సంగతులు రాయండి. స్పేరు ఎక్కడుంది? ఎస్‌ఎఫ్‌పీ మాడ్యూల్ (ఫైబర్‌ని పెట్టెకి కలిపే ముక్క), ప్యాచ్ కార్డులు, ఓఎల్‌టీ పవర్ సప్లై, వందో రెండొందలో మీటర్ల ఫైబర్, ఇవి అదే ఊళ్లో ఉండాలి, శ్రీకాకుళంలోనో బరంపురంలోనో ఉంటే చెట్లు పడి రోడ్డు మూసుకుపోయిన రోజు రావు. స్ప్లైసింగ్ మెషీన్ ఎవరి దగ్గరుంది, దాని బ్యాటరీ చార్జ్ అయి ఉందా? చిన్న ఆపరేటర్లు నలుగురు కలిసి ఒకటి కొనుక్కుని, ఏటికి ఇవతల ఒకరి దగ్గర ఉంచుకుంటే మంచిది, వంతెన మునిగినా పని ఆగదు. తెలుగులో, ఒడియాలో మాట్లాడగలిగే మనిషి నంబరు, రెండువైపులా లైన్‌మేన్‌ల నంబర్లు కాగితం మీద రాసి ర్యాక్ తలుపుకి అంటించండి.

దాడి అయితే ఇంకో పని కూడా ఉంది. దేశంలో సైబర్ భద్రత చూసే ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇంటర్నెట్ సేవలిచ్చేవాళ్లు, కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు సైబర్ దాడిని గుర్తించిన 6 గంటల్లో తెలియజేయాలి, లాగ్‌లు (ఏమేం జరిగిందో పెట్టెలు రాసుకునే చిట్టాలు) 180 రోజులు దాచాలి, పెట్టెలన్నిటి గడియారాలూ ఎన్‌టీపీతో (నెట్‌వర్క్ ద్వారా సమయం సరిచేసే పద్ధతి) కలిపి ఉంచాలి. లాగ్‌లు రౌటర్‌లోనే ఉంటే దాడి చేసినవాడు ముందు తుడిచేసేది వాటినే. వేరే మెషీన్‌కి పంపి దాచండి.

ఇంకొక్క పరీక్ష మిగిలింది. ఒక పాత స్పేరు రౌటర్ తీసి ఖాళీ చేయండి. పెన్‌డ్రైవ్, మీరు రాసిన కాగితాలు జూనియర్ చేతికి ఇచ్చి, దాన్ని మెయిన్ రౌటర్‌గా నిలబెట్టమనండి. మీరు పక్కనే కూర్చోండి, నోరు మాత్రం తెరవకండి. ఎక్కడ ఆగిపోయాడో, ఏ పాస్‌వర్డ్ కాగితంలో లేదో, ఏ వైరు ఏ పోర్టుదో ఎక్కడ తేల్చుకోలేకపోయాడో అన్నీ రాసుకుని, ఆ రాత్రే కాగితాలు సరిదిద్దండి. వచ్చే నెల ఇంకొకరితో చేయించండి.